ఒకప్పుడు కంప్యూటర్‌కి జీతమిచ్చేవాళ్ళు

మా పెదనాన్నగారి పింఛను కాయితాల్లో ఇంటిపేరు ఏదో తేడాగా పడిందంటే, సరిచేయిద్దామని ఆ మధ్య ఆయన పాత ట్రంకుపెట్టె దించాం. అడుగున ఓ గోధుమరంగు కవర్లో ఆయన మొదటి ఉద్యోగపు ఉత్తర్వు కనబడింది. 1968 నాటిది. పైన పేరు, కింద జీతం స్కేలు, మధ్యలో హోదా. ఆ హోదా దగ్గర ఒక్క క్షణం ఆగిపోయాను. "కంప్యూటర్" అని ఉంది!

స్పెల్లింగులో చివర 'ఇ-ఆర్' బదులు 'ఓ-ఆర్' ఉందనుకోండి, కానీ మాట అదే. ఇరవయ్యేళ్ళుగా కంప్యూటర్ ముందు కూర్చుని అన్నం తింటున్నవాణ్ణి, మా ఇంట్లోనే ఒక కంప్యూటర్ ఉందని నాకు ఇన్నాళ్ళూ తెలీదు. ఆయన్నడిగితే నవ్వేశారు. "అవునురా, కంప్యూటర్‌గానే చేరాను. పక్కన తిప్పుడు పిడి ఉన్న ఫేసిట్ మిషనొకటి ఇచ్చేవాళ్ళు. పొద్దుణ్ణించి సాయంత్రం దాకా కూడికలే" అన్నారు. మన ప్రభుత్వ గణాంక శాఖల్లో, జనాభా లెక్కల ఆఫీసుల్లో ఈ పేరుతో మనుషుల ఉద్యోగాలు చాలా ఏళ్ళే ఉన్నాయి.

ఆరోజు నుంచి ఈ మాట వెనకాల పడ్డాను. మనం రోజుకి వందసార్లు వాడే మాట, మన పొట్ట నింపే మాట. దీని చరిత్ర చూస్తే యంత్రంగా బతికిన కాలం కన్నా మనిషిగా బతికిన కాలమే చాలా ఎక్కువ. లెక్క చూడండి. ఇంగ్లీషులో ఈ మాట అచ్చులో కనబడటం 1613లో, రిచర్డ్ బ్రాత్‌వెయిట్ అనే ఆయన రాసిన పుస్తకంలో. అక్కడ అర్థం కాలాన్ని లెక్కగట్టేవాడు అని. యంత్రం అనే అర్థం స్థిరపడింది 1940ల తర్వాత. అంటే మూడు వందల ఏళ్ళకు పైగా మనిషి, ఎనభై ఏళ్ళు యంత్రం!

మూలం లాటిన్ 'కంప్యుటారే'. కూడి లెక్కించడం అని అర్థం. మధ్యయుగాల్లో క్రైస్తవ మఠాల్లో 'కంప్యూటస్' అని ఒక విద్యే ఉండేది. ఈస్టర్ ఏ ఆదివారం వస్తుందో చంద్రుడి గమనాన్ని బట్టి తేల్చే లెక్క అది. మన భాషలో చెప్పాలంటే పంచాంగ గణితం. తమాషా ఏమిటంటే మన 'గణకుడు' అన్న మాటదీ సరిగ్గా ఇదే కథ. నిఘంటువు తీస్తే లెక్కలు కట్టేవాడు అనీ ఉంటుంది, జ్యోతిష్కుడు అనీ ఉంటుంది. ఎక్కడైనా లెక్కలవాడికి మొదటి క్లయింటు ఆకాశమే అన్నమాట.

సరే, మాట ఉద్యోగంగా ఎలా మారిందో చూద్దాం.

1758లో ఫ్రాన్సులో ముగ్గురు ఒక బల్ల చుట్టూ కూర్చున్నారు. హేలీ తోకచుక్క మళ్ళీ ఎప్పుడొస్తుందో తేల్చాలి. దారిలో గురుడు, శని దాన్ని ఎంత లాగుతాయో అడుగడుగునా లెక్కేసుకుంటూ పోవాలి. క్లెరో పద్ధతి చెప్పాడు. లలాండ్, నికోల్-రెన్ లపోట్ అనే ఆవిడ నెలల తరబడి అంకెలు కట్టారు. తోకచుక్క సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది 1759 ఏప్రిల్ మధ్యలో అన్నారు, అది మార్చి 13న వచ్చింది. డెబ్భై అయిదేళ్ళ పైచిలుకు ప్రయాణంలో నెల తేడా! మరి ఆ తర్వాత వచ్చిన తన పుస్తకంలో లపోట్ చేసిన పనిని క్లెరో ప్రస్తావించకుండా వదిలేశాడు. లలాండ్ మాత్రం ఆవిడ లేకపోతే ఆ పని అయ్యేది కాదని చెప్పుకున్నాడు. ఈ పేరు ఎగిరిపోవడం అనేదాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఆ తర్వాత ఇంగ్లండులో నెవిల్ మాస్కెలీన్ 1767 సంవత్సరానికి మొదటి 'నాటికల్ అల్మనాక్' తెచ్చాడు. నడిసముద్రంలో ఓడ ఎక్కడుందో చంద్రుణ్ణి చూసి తెలుసుకోవడానికి పట్టికలన్నమాట. ఆ పట్టికలు కట్టడానికి ఆయన పెట్టుకున్న మనుషుల పేరు 'కంప్యూటర్లు'. వీళ్ళకి ఆఫీసు లేదు. ఎవరి ఊళ్ళో వాళ్ళు, ఎవరింట్లో వాళ్ళు కూర్చుని చేసేవాళ్ళు. జీతం కాదు, పనికి ఇంత అని లెక్క. మాస్కెలీన్ ఒకే లెక్కని ఇద్దరికి విడివిడిగా ఇచ్చేవాడు. వాళ్ళ జవాబులు మూడో మనిషికి వెళ్ళేవి. అతని పేరు 'కంపేరర్'. తేడా వస్తే పట్టుకోవడం అతని పని. వర్క్ ఫ్రమ్ హోమ్, పీస్ రేటు, టెస్టింగ్ టీమ్... మనమేదో కొత్తగా కనిపెట్టామనుకుంటాం!

కాపీ కొట్టడం కూడా అప్పుడే ఉంది. 1770 ప్రాంతంలో కీచ్, రాబిన్స్ అనే ఇద్దరు కంప్యూటర్లు కూడబలుక్కుని ఒకరి జవాబులు ఒకరు ఎక్కించేసుకున్నారు. హిచిన్స్ అనే కంపేరర్ పట్టేశాడు. ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. విడివిడిగా చేసిన ఇద్దరూ ఒకే చోట ఒకేలా తప్పు చేస్తే అనుమానం రావాలని అతనికి తెలుసు. ఈ మాట మన కోడ్ రివ్యూ గదుల్లో బోర్డు మీద రాసి పెట్టుకోవచ్చు.

అదే అల్మనాక్‌కి లడ్‌లో అనే ఊళ్ళో జాన్ ఎడ్వర్డ్స్ అనే ఫాదరీ లెక్కలు కడుతున్నట్టు ఖాతాల్లో ఉండేది. ఆయన 1784లో పోయాక సంగతి బయటపడింది. చాలా భాగం చేస్తున్నది ఆయన భార్య మేరీ ఎడ్వర్డ్స్! ఇకనుంచి నా పేరు మీదే పనివ్వండి అని ఆవిడ అడిగింది, మాస్కెలీన్ ఇచ్చాడు. చనిపోయేదాకా ఆవిడ అదే పని చేసి పిల్లల్ని పెంచింది.

ఇక్కణ్ణించి కథ ఒక మలుపు తిరుగుతుంది. 1790ల్లో ఫ్రెంచి విప్లవం తర్వాత గాస్పార్ ద ప్రోనీ అనే ఇంజనీరుకి బ్రహ్మాండమైన లాగరిథమ్ పట్టికలు కట్టే పని అప్పజెప్పారు. గుండుసూదుల తయారీలో పనిని ముక్కలు చేయడం గురించి ఆడమ్ స్మిత్ రాసింది చదివి, లెక్కల్ని కూడా అలాగే ముక్కలు చేశాడాయన. పైన కొద్దిమంది గొప్ప గణితవేత్తలు సూత్రాలు ఎంచుతారు. మధ్యలో ఏడెనిమిది మంది వాటిని కూడికలు, తీసివేతలుగా విడగొడతారు. అడుగున అరవై డెబ్భై మంది ఆ కూడికలు, తీసివేతలు మాత్రమే చేస్తారు. వాళ్ళలో కొంతమంది, విప్లవంలో దొరలూ దొరసానులూ మాయమైపోయాక పనిలేకుండా పోయిన క్షురకులని చెబుతారు. ఆర్కిటెక్టు, టీమ్ లీడు, కింద డెవలపర్లు. ఈ బొమ్మ ఎక్కడో చూసినట్టు లేదూ?

ఈ పద్ధతిని చాలా శ్రద్ధగా చదివినవాడు చార్లెస్ బాబేజ్. అప్పటికే 1821లో తన స్నేహితుడు హెర్షెల్‌తో కలిసి ఖగోళ పట్టికల్లో తప్పులు వెతుకుతూ వెతుకుతూ విసిగిపోయి, ఈ లెక్కలన్నీ ఆవిరితో నడిస్తే ఎంత బాగుండు అన్నాడట. ద ప్రోనీ అడుగు వరసని చూస్తే ఆయనకి దారి కనబడింది. అక్కడివాళ్ళకి కూడిక, తీసివేత తప్ప ఏమీ తెలియనక్కర్లేదు కదా, అలాంటప్పుడు మనిషెందుకు అని. నాకు ఇక్కడ ఒళ్ళు జలదరించింది. ముందు యంత్రం వచ్చి మనిషిని తీసెయ్యలేదు. ముందు మనిషి పనిని యంత్రం పనిలా తరిగారు. యంత్రం ఆ తర్వాత వచ్చింది, అదీ నూటయాభై ఏళ్ళు ఆలస్యంగా.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1825లో మద్రాసులో జాన్ వారెన్ అనే సైనికాధికారి 'కాలసంకలిత' అని పుస్తకం వేశాడు, మన పంచాంగ గణితం గురించి. పుదుచ్చేరిలో ఒక తమిళ పంచాంగకర్త నేల మీద గవ్వలు పేర్చి, కంఠస్థం చేసిన పదాల్లోంచి పట్టికల అంకెలు తీస్తూ, కలం కాయితం లేకుండా ఒక చంద్రగ్రహణాన్ని లెక్కగట్టి చూపించాడని అందులో ఉంది. గ్రహణం మొదలయ్యే సమయంలో తేడా నాలుగు నిమిషాలే. ఆయనకి వెనకున్న సిద్ధాంతం ఏమీ తెలియదని వారెన్ మాట. ఉండొచ్చు. ఒక్కటి మాత్రం నిజం, మెమరీ, ప్రాసెసర్ రెండూ ఆ మనిషిలోనే ఉన్నాయి.

ఆ తర్వాత ఆరేళ్ళకి, 1831లో, జార్జ్ ఎవరెస్ట్‌కి సర్వే లెక్కలకి మనుషులు కావలసొచ్చి కలకత్తా హిందూ కాలేజీలో అడిగితే, రాధానాథ్ సిక్దార్ అనే కుర్రాణ్ణి పంపారు. చేరేటప్పటికి ఇరవయ్యేళ్ళు కూడా లేవు. గ్రేట్ ట్రిగొనమెట్రికల్ సర్వేలో ఆయన ఉద్యోగం కంప్యూటర్. పోనుపోను చీఫ్ కంప్యూటర్ అయ్యాడు. ఈ హోదాతో విజిటింగ్ కార్డు కొట్టిస్తే ఇప్పుడు ఎవరికైనా నవ్వొస్తుంది గానీ, అప్పట్లో మాత్రం చాలా పెద్ద పదవి.

వంద మైళ్ళకి పైగా దూరం నుంచి థియొడొలైట్లతో కొలిచిన కోణాలు ఆయన బల్ల మీదకొచ్చేవి. గాలిలో కాంతి వంగడం, భూమి గుండ్రదనం అన్నీ సవరించుకుంటూ ఎత్తు తేల్చాలి. 'పదిహేనో శిఖరం' అని నెంబరు మాత్రమే ఉన్న కొండ ఎత్తు 29,002 అడుగులని 1856లో ప్రకటించారు. ఇప్పుడు ఒప్పుకున్న లెక్క 29,032 అడుగులు. ముప్ఫై అడుగుల తేడా! ఆ కొండకి పేరు పెట్టింది మాత్రం ఆ లెక్కలప్పటికి రిటైరై ఇంగ్లండు వెళ్ళిపోయిన ఎవరెస్ట్‌ది. నిజానికి కొలతలు తీసినవాళ్ళు, లెక్కలు కట్టినవాళ్ళు చాలామంది, ఏ ఒక్కరో కనిపెట్టారనడం కూడా సరికాదు. అంతకన్నా నన్ను బాధపెట్టింది ఇంకోటుంది. 1851లో వచ్చిన సర్వే మాన్యువల్లో సిక్దార్ రాసిన భాగాలున్నాయని ముందుమాటలో పేరుపెట్టి కృతజ్ఞతలు చెప్పారు. ఆయన 1870లో పోయాడు. 1875లో వచ్చిన మూడో ముద్రణలో ఆయన రాసింది ఉంది, ఆయన పేరు లేదు. దీన్ని చచ్చినవాణ్ణి దోచుకోవడం అని అప్పటి ఇంగ్లీషు పత్రికే తిట్టింది.

ఇంకో యాభై ఏళ్ళు ముందుకెళ్తే అమెరికాలో హార్వర్డ్ అబ్జర్వేటరీ. అక్కడ ఎడ్వర్డ్ పికరింగ్ గాజు ఫోటో ప్లేట్ల మీద నక్షత్రాలు కొలవడానికి ఆడవాళ్ళని పెట్టుకున్నాడు. గంటకి పాతిక సెంట్లు మొదలు. వాళ్ళనీ కంప్యూటర్లనే అన్నారు. విలియమినా ఫ్లెమింగ్ అంతకుముందు పికరింగ్ ఇంట్లో పనిమనిషి. యానీ జంప్ కానన్ మూడున్నర లక్షల నక్షత్రాలని వర్గాలుగా విడగొట్టింది. హెన్రియెట్టా లెవిట్ చుక్కల వెలుగు పెరిగి తరిగే కాలానికీ వాటి అసలు కాంతికీ సంబంధం ఉందని పట్టుకుంది. 1920ల్లో హబుల్ ఆ కొలబద్దతోనే మన పాలపుంత బయట ఇంకా నక్షత్రమండలాలున్నాయని తేల్చాడు. కొలవడమే మీ పని, ఆలోచించడం కాదు అన్నట్టుండే ఉద్యోగంలో కూర్చుని విశ్వానికి స్కేలు తయారుచేసింది ఆవిడ.

ఇలాంటి పని మన హైదరాబాదులోనూ జరిగింది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీని 1908లో నిజాం ప్రభుత్వం తీసుకుంది. ఆకాశాన్నంతా ఫోటోలు తీసి పట్టిక వేద్దామని ప్రపంచంలోని పలు అబ్జర్వేటరీలు తలా ఒక ముక్క పంచుకుంటే, హైదరాబాదు వాటా దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య ఆకాశం. ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు ఒక్కొక్కటే కొలిచి, లెక్కకట్టి, సంపుటాలుగా అచ్చేశారు. 1940ల దాకా సాగిందా పని. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ 1998లో వచ్చింది కాబట్టి హైదరాబాదులో డేటా పని అప్పుడే మొదలైందనుకుంటాం. దానికి తొంభై ఏళ్ళ ముందే విదేశీ ప్రాజెక్టులో మన ఊరికి ఒక మాడ్యూల్ ఉంది!

ఇక మాట చేతులు మారిన రోజులు. 1936లో అలన్ టూరింగ్ తన ప్రసిద్ధ వ్యాసంలో కంప్యూటర్ అని రాస్తే దాని అర్థం కాయితం, పెన్సిలు పట్టుకున్న మనిషి. ఆ మనిషి చేసే పనినే అడుగులుగా విడగొట్టి ఊహాయంత్రం తయారుచేశాడు. అదే టూరింగ్ 1950లో ఇంకో వ్యాసం రాసేటప్పటికి, మనిషి గురించి చెప్పాలంటే 'హ్యూమన్ కంప్యూటర్' అని విశేషణం తగిలించాల్సి వచ్చింది. పద్నాలుగేళ్ళు! మామూలు గడియారానికి 'ముల్లుల గడియారం' అని, మామూలు ఉత్తరానికి 'పోస్టు ఉత్తరం' అని పేరొచ్చినట్టు, లెక్కకట్టే మనిషికి 'మనిషి' అన్న తోక అవసరమైంది.

ఆ పద్నాలుగేళ్ళ మధ్యలో యుద్ధం ఉంది. ఫిరంగి గుండు ఎక్కడ పడుతుందో పట్టికలు కావాలి. ఒక్క గుండు దారిని కాలిక్యులేటరుతో కట్టడానికి మంచి చేయి తిరిగిన మనిషికి ఇరవై గంటలు. దీనికి ఆడపిల్లల్ని వందలకొద్దీ తీసుకున్నారు. పనిని కొలిచే యూనిట్ 'గర్ల్ అవర్స్'. వెయ్యి గంటలైతే 'కిలోగర్ల్' అని సరదాగా అనేవాళ్ళట. మన ఎస్టిమేట్లలో మ్యాన్-మంత్ అని రాసేటప్పుడు ఇది తలుచుకోండి, కొంచెం చేదుగా ఉంటుంది.

1946 ఫిబ్రవరిలో లోకానికి చూపించిన ఎనియాక్ అదే లెక్కని ముప్ఫై సెకన్లలో చేసింది. దాన్ని నడిపించిన ఆరుగురూ ఆ కంప్యూటర్ ఉద్యోగాల్లోంచి తీసుకున్నవాళ్ళే: కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సిస్ బైలస్, రూత్ లిక్టర్‌మన్. మాన్యువల్ లేదు, భాష లేదు. వైరింగు బొమ్మలు చూసి యంత్రాన్ని అర్థం చేసుకున్నారు. ప్రదర్శన రోజు రాత్రి విందుకి మాత్రం వాళ్ళని పిలవలేదు. 1980ల్లో క్యాథీ క్లైమన్ అనే విద్యార్థిని పాత ఫోటోలు పట్టుకుని వీళ్ళెవరని అడిగితే, యంత్రం అందంగా కనబడాలని నిలబెట్టిన మోడల్స్ అని జవాబొచ్చింది. ప్రపంచంలో మొదటి ప్రోగ్రామర్లలో ఆరుగురు, ఫ్రిజ్ ప్రకటనలో అమ్మాయిల్లా అయిపోయారు. యంత్రం వాళ్ళ పని ఒక్కటే తీసుకోలేదు, పేరూ తీసుకుంది.

కానీ అప్పుడే పేరు మారిన యంత్రానికి ఆ పేరు అంత కలిసిరాలేదు. కంప్యూటర్ అంటే గదంత ఉంటుంది, లక్షల డాలర్లు అవుతుంది అని జనాలకి భయం. అందుకే 1959లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ తన యంత్రానికి ఆ మాట వాడకుండా 'ప్రోగ్రామ్డ్ డేటా ప్రాసెసర్', పీడీపీ అని పేరు పెట్టుకుంది. మన దగ్గర భయం వేరే. 1960ల్లో ఎల్‌ఐసీ కలకత్తాలో కంప్యూటర్ పెడతానంటే ఉద్యోగ సంఘాలు ఏళ్ళ తరబడి అడ్డుకున్నాయి. అదే దశాబ్దంలో, 1967లో, హైదరాబాదులో ఈసీఐఎల్ మొదలైంది, దేశీ కంప్యూటర్లు తయారుచేసింది. అంటే కలకత్తాలో కంప్యూటర్ వద్దంటూ కాపలా, హైదరాబాదులో కంప్యూటర్ తయారీ, ఇంకో ఆఫీసులో మా పెదనాన్నగారు కంప్యూటర్‌గా ఉద్యోగం! ఒకే మాట, ఒకే దేశం, మూడు అర్థాలు.

బ్యాంకుల్లో యాంత్రీకరణకి యాజమాన్యాలూ సంఘాలూ ఒప్పందం చేసుకున్నది 1983లో. ఆ తర్వాత బ్రాంచీల్లోకి వచ్చిన పెట్టెల పేరు 'అడ్వాన్స్‌డ్ లెడ్జర్ పోస్టింగ్ మెషిన్'. లెడ్జర్ రాసే యంత్రమట! ఒక మాట ఎంత భయపెడితే ఇలాంటి పేర్లు పుడతాయో ఊహించుకోండి.

ఇక మన ఇళ్ళల్లో ఈ మాటకొచ్చిన అర్థాలు వేరు. 1990ల్లో "మావాడు కంప్యూటర్స్" అంటే బ్రాంచి. "కంప్యూటర్ నేర్చుకుంటున్నాడు" అంటే అమీర్‌పేటలో ఉన్నాడని. "కంప్యూటర్ సంబంధం" అంటే అమెరికా వెళ్ళే అవకాశం ఉన్న పెళ్ళికొడుకు. గమనించారా, తిరిగి తిరిగి మనిషి దగ్గరికే వచ్చింది! శకుంతలాదేవి 1980లో లండన్‌లో రెండు పదమూడంకెల సంఖ్యల్ని 28 సెకన్లలో గుణించినప్పుడూ, ప్రొద్దుటూరు దగ్గర కల్లూరులో పుట్టిన అంధుడు లక్కోజు సంజీవరాయశర్మ గణితావధానాలు చేసినప్పుడూ మనం మెచ్చుకుంటూ అన్న మాట 'మానవ కంప్యూటర్'. రెండు వందల ఏళ్ళ క్రితం అయితే అది బిరుదు కాదు, ఉద్యోగం. 'గణకయంత్రం' అని మనవాళ్ళు చేసిన మాటలో ఒక మర్యాద ఉంది. గణకుడు మనిషి, ఇది అతని యంత్రం. ఇంగ్లీషు ఆ తేడా ఉంచలేదు, మనిషి కుర్చీనే యంత్రానికిచ్చింది. మనమూ గణకయంత్రాన్ని వదిలేసి కంప్యూటర్‌నే పట్టుకున్నాం.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? మాటలు మళ్ళీ చేతులు మారుతున్నాయి కాబట్టి. అచ్చువేసే మనిషి పేరు 'ప్రింటర్' పెట్టెకి పోయి చాలా కాలమైంది. 'అసిస్టెంట్' అంటే మొన్నటిదాకా మనిషే, ఇప్పుడు ఫోన్లో ఉంటుంది. 'ఏజెంట్' అంటే బీమా కట్టించుకునే ఆయన, ఇప్పుడు రాత్రంతా కూర్చుని కోడ్ రాసే సాఫ్ట్‌వేర్. ఇక 'ప్రోగ్రామర్' అన్న మాట ఎన్నాళ్ళు మనిషికి ఉంటుందో? మన మనవలెవరో ట్రంకుపెట్టెలో... కాదులెండి, ఏదో పాత ఈమెయిల్లో "మిమ్మల్ని ప్రోగ్రామర్‌గా నియమించడమైనది" అని చూసి, "తాతయ్య ప్రోగ్రామరా!" అని నవ్వుకుంటారేమో.

నేను భవిష్యత్తు చెప్పేవాణ్ణి కాదు. చరిత్రలో నాకు కనబడింది మాత్రం రెండు సంగతులు. ఒకటి, పని ఎక్కడ ముక్కలైపోయి, అడగకుండా చేసుకుపోయేదిగా మిగిలిందో అక్కడికే యంత్రం ముందొచ్చింది. ద ప్రోనీ అడుగు వరస అందుకు సాక్ష్యం. టికెట్టు తీసుకో, మూసెయ్, ఇంకోటి తీసుకో అన్నట్టు మన పనిని మనమే తరుక్కున్నామా అన్నది మనం వేసుకోవాల్సిన ప్రశ్న. రెండు, తప్పుని పట్టుకోగలిగినవాళ్ళ అవసరం యంత్రం వచ్చాక కూడా పోలేదు. తర్వాత నాసాగా మారిన సంస్థలో డొరొతీ వాన్ నల్లజాతి మహిళా కంప్యూటర్ల విభాగానికి పెద్ద. తమ పని యంత్రానికి పోతుందని ముందే గ్రహించి ఫోర్ట్రాన్ నేర్చుకుంది, తనతోపాటు మిగతావాళ్ళకీ నేర్పింది. 1962లో జాన్ గ్లెన్ భూమి చుట్టూ తిరగడానికి రాకెట్టెక్కే ముందు, యంత్రం ఇచ్చిన అంకెల్ని క్యాథరిన్ జాన్సన్ చేత్తో సరిచూడాలని పట్టుబట్టాడు. ఆవిడ బాగుందంటేనే ఎక్కుతానన్నాడు. పాత కంప్యూటర్ కొత్త కంప్యూటర్‌కి కంపేరర్ అయింది.

కాయితాలు సర్దేటప్పుడు పెదనాన్నగారిని ఒకటడిగాను. "మీ సెక్షన్లోకి అసలు కంప్యూటర్ వచ్చినప్పుడు భయమెయ్యలేదా?" అని.

"వేసింది. ఎందుకెయ్యదూ? వచ్చినవాళ్ళు మా కూడికలన్నీ దానికిచ్చేశారు. ఒక్క తప్పు లేదు. మా ఆఫీసరు మురిసిపోయాడు. నాలుగో రోజున నేను ఒక ఊరి షీటు చూస్తుంటే, ఇళ్ళు మూడొందలు, జనం నూట పది అనుంది. మిషను దాన్ని కూడేసి ముందుకెళ్ళిపోయింది. మూడొందల ఇళ్ళల్లో నూట పదిమంది ఎలా ఉంటార్రా? పక్కన ఒక సున్నా ఎగిరిపోయింది. కూడిక కరెక్టే, ఊరే తప్పు."

ఆ తర్వాత ఆయనకి హోదా మార్చారట. కొత్త హోదా పేరేమిటో ఆయనకి గుర్తులేదు. ఆ ఊరి పేరు మాత్రం గుర్తుంది.